సర్వర్ మార్చాక పెర్ల్ బిల్లింగు అంతా 500 ఎర్రర్: బాగు చెయ్యాలా, కొత్తది రాయించాలా?

పలాస_పిక్క
మా మావయ్య జీడి ఫ్యాక్టరీలో బిల్లింగు, పిక్కల స్టాకు, కూలీల లెక్కలు అన్నీ ఒకే వెబ్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. పెర్ల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. రాసినాయన దుబాయ్ వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. ఇన్నాళ్లూ సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ మీద ఏ గొడవా లేకుండా నడిచింది. దానికి 2024 జూన్‌తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, హోస్టింగు వాళ్లు ఉబుంటు 22.04 అనే ఇంకో లినక్స్ మీదకి మార్చేశారు. ఫైళ్లు, డేటాబేస్ కాపీ చేసి పెట్టి మా పని అయిపోయింది అన్నారు. ఇప్పుడు ఏ పేజీ తెరిచినా 500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్. సీజన్ మధ్యలో ఉన్నాం, బస్తాలు దిగుతూనే ఉన్నాయి, మావయ్య చీటీల మీద రాయిస్తున్నాడు. నాకు పీహెచ్‌పీ కొంచెం వచ్చు, పెర్ల్ అసలు రాదు. దీన్ని బాగు చెయ్యడం అయ్యే పనేనా? కొత్తగా రాయించాలంటే దేన్లో?

కోట_జంక్షన్
పెర్ల్ ఇంకా బతికే ఉందా? పీహెచ్‌పీలో రాయించెయ్. నెల రోజుల పని.

టెక్కలి_టీ
@కోట_జంక్షన్ మరి ఆ నెల్లో దిగిన బస్తాలు నువ్వొచ్చి లెక్కెడతావేటి?

పాత_సర్వర్
కొత్తగా రాయించాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఎర్రర్ లాగ్ చూడు. 500 అన్నది బ్రౌజర్‌కి చెప్పే మాట, అసలు సంగతి సర్వర్‌లో ఉంటుంది. ఉబుంటులో అయితే వార్ కింద లాగ్, దాని కింద అపాచీ2 (అపాచీ అంటే పేజీలు పంపే వెబ్ సర్వర్), అందులో ఎర్రర్ లాగ్. టెయిల్ కమాండ్‌తో దాన్ని తెరిచి ఉంచి, పక్కన బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరువు. కొత్తగా పడిన వరసలు ఇక్కడ పెట్టు. పాస్‌వర్డులు ఏమైనా కనిపిస్తే చెరిపేసి పెట్టు.

పలాస_పిక్క
రెండు వరసలు పడ్డాయి. మొదటిది "కాంట్ లొకేట్ సీజీఐ డాట్ పీఎం ఇన్ ఐఎన్‌సీ". రెండోది "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్". రెండోదాని గురించి వెతికితే ఒకరు పర్మిషన్లు 755 పెట్టమంటారు, ఒకరు కంటెంట్ టైప్ ప్రింట్ చెయ్యమంటారు. ఏది నమ్మాలి?

పాత_సర్వర్
రెండోదాన్ని వదిలెయ్. స్క్రిప్ట్ ఏ కారణంతో మధ్యలో చచ్చినా అపాచీ ఆ మాటే అంటుంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వెతికితే నూటెనిమిది సలహాలు దొరుకుతాయి, అన్నీ ఎవరో ఒకరికి పనిచేసినవే. నీకు పనికొచ్చేది దాని పైవరస.

నీకు సీజీఐ మాడ్యూల్, అంటే బ్రౌజర్ పంపింది చదివి పేజీ తిరిగివ్వడానికి వాడే పెర్ల్ ముక్క, లేదు. ఒకప్పుడు అది పెర్ల్‌తోపాటే వచ్చేది. 2015లో 5.22 వెర్షన్ నుంచి బయటికి తీసేశారు. సెంట్‌ఓఎస్ 7లో ఉండేది పెర్ల్ 5.16, ఉబుంటు 22.04లో 5.34. మధ్యలో మారినవన్నీ నీకు వరసగా తగులుతాయి. ఒకటి తీస్తే ఇంకొకటి వస్తుంది, కంగారు పడకు. ముందు లిబ్-సీజీఐ-పీఎం-పెర్ల్ అనే ప్యాకేజీని ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో ఎక్కించు.

బొబ్బిలి_బైట్
ఆప్ట్ కంటే, పెర్ల్ మాడ్యూళ్ల గోదాం సీప్యాన్ నుంచి నేరుగా తెచ్చే సీప్యాన్‌ఎం మేలు కదండీ? కొత్త వెర్షన్లు దొరుకుతాయి.

పాత_సర్వర్
@బొబ్బిలి_బైట్ నీకూ నాకూ మేలు. పెర్ల్ రాని కుర్రాడు రూట్‌గా సీప్యాన్ నడిపితే ఉబుంటు తన పనులకి వాడుకునే పెర్ల్ మాడ్యూళ్ల మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి. తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడు ఏది ఎవరిదో తేలదు. ఆప్ట్‌లో దొరికేది ఆప్ట్‌లోనే తీసుకోవాలి. దొరకనిది ఉంటే అప్పుడు సీప్యాన్‌ఎం, అదీ వేరే ఫోల్డర్‌లోకి.

పలాస_పిక్క
సీజీఐ ఎక్కింది. ఇప్పుడు "కాంట్ లొకేట్ కామన్ డాట్ పీఎల్" అంటోంది. ఆ ఫైల్ స్క్రిప్ట్ పక్కనే, అదే ఫోల్డర్‌లో ఉంది సార్. ఎదురుగా పెట్టుకుని కనబడట్లేదంటే ఏం చెయ్యాలి?

టెక్కలి_టీ
మా నాన్నగారు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు, అలాగన్నమాట.

పాత_సర్వర్
ఇది రెండో మార్పు. పెర్ల్ తనకి కావాల్సిన ఫైళ్లని ఏయే ఫోల్డర్లలో వెతకాలో ఒక జాబితా (ఐఎన్‌సీ అంటే అదే) పెట్టుకుంటుంది. ఆ జాబితా చివర చుక్క ఉండేది. చుక్కంటే ప్రస్తుతం ఉన్న ఫోల్డర్. ఎవడైనా ఆ ఫోల్డర్‌లో అదే పేరుతో దొంగ ఫైల్ పెడితే అది నడిచిపోతుందని 2017లో 5.26 నుంచి ఆ చుక్క తీసేశారు. అందుకే పక్కనే ఉన్నా కనబడదు.

రిక్వైర్ అన్న చోటల్లా ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టు. లేదా ప్రతి స్క్రిప్ట్ పైన యూజ్ లిబ్ అని ఫోల్డర్ పూర్తి దారి రాయి. రెండోదే నాకు ఇష్టం. ఒక్క సంగతి: రిక్వైర్ అయితే ఫైల్ దొరక్కపోతే గోలపెట్టి చచ్చిపోతుంది. అదే డూ అని పిలిచి ఉంటే ఆగకుండా ముందుకి పోతుంది, తర్వాత ఎక్కడో లెక్క తప్పుతుంది. కాబట్టి డూ ఎక్కడెక్కడ ఉందో కూడా గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండ్) కొట్టి చూడు.

చంపావతి_72
పెర్ల్ యూజ్ అన్‌సేఫ్ ఐఎన్‌సీ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. అపాచీ కాన్ఫిగ్‌లో సెట్‌ఎన్వ్‌తో దానికి 1 ఇస్తే చుక్క తిరిగొస్తుంది. ఒక్క వరస, పని అయిపోతుంది. సీజన్ మధ్యలో ఉన్నాడు కదా.

పాత_సర్వర్
@చంపావతి_72 పేరులోనే అన్‌సేఫ్ అని పెట్టారు సార్. ఇవాళ్టికని పెట్టింది అయిదేళ్లు ఉంటుంది, మనకి తెలియదా?

చంపావతి_72
ఉండనివ్వండి. బిల్లు ముందు, శుద్ధి తర్వాత.

పలాస_పిక్క
చంపావతి సార్ చెప్పింది పెట్టాను, ఆ ఎర్రర్ పోయింది. (పాత_సర్వర్ సార్, సీజన్ అయ్యాక మీరు చెప్పినట్టే మారుస్తాను, ఒట్టు.) లాగిన్ పేజీ వచ్చింది! లోపలికి వెళ్తే స్టాకు పేజీ మళ్లీ 500. "కాంట్ యూజ్ డిఫైన్డ్ అర్రే" అంటోంది. ఇలా పేజీ పేజీకీ ఒకటి వస్తే ఎన్నాళ్లు పడుతుంది?

నాగావళి
బ్రౌజర్‌లో ఒక్కో పేజీ తెరిచి చూడకు. సర్వర్‌లో ఆ ఫోల్డర్‌కి వెళ్లి ప్రతి ఫైల్ మీదా పెర్ల్ హైఫన్ సీ నడిపించు. ఆ ఆప్షన్ ఫైల్‌ని మామూలుగా నడపదు, చదివి తప్పులుంటే చెబుతుంది. షెల్‌లో ఒక్క ఫర్ లూప్ వేస్తే అన్ని ఫైళ్ల జాతకం ఒకేసారి వస్తుంది. డిఫైన్డ్ అర్రే 5.22 నుంచి చెల్లదు, డిఫైన్డ్ అన్న మాట తీసేస్తే చాలు, అర్రే ఒక్కటే సరిపోతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో మీసాల బ్రాకెట్ ముందు వెనకస్లాష్ లేకపోతే 5.26 నుంచి చాలా చోట్ల ఒప్పుకోదు, అది కూడా బయటపడుతుంది. నడిచేటప్పుడు మాత్రమే వచ్చే తప్పులు దీనికి చిక్కవు, అది గుర్తుంచుకో.

నెల్లిమర్ల_నెట్
మధ్యలో దూరుతున్నాను. నాదీ పెర్ల్ సీజీఐయే. స్క్రిప్ట్ టెంప్ ఫోల్డర్‌లో రిపోర్ట్ ఫైల్ రాస్తుంది, రాసినట్టు లాగ్‌లో ఉంది, వెళ్లి చూస్తే ఫైల్ లేదు. ఎర్రర్ కూడా లేదు. పిచ్చెక్కుతోంది.

టెక్కలి_టీ
@నెల్లిమర్ల_నెట్ సిస్టమ్‌డీలో ప్రైవేట్‌టెంప్ అని ఉంటాది. అపాచీకి వేరే టెంప్ ఇస్తాది. నువ్వు చూసే టెంప్, అపాచీ చూసే టెంప్ ఒకటి కావు. రిపోర్టుల్ని టెంప్‌లో కాకుండా వార్ కింద ఓ ఫోల్డర్ చేసి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌కి రాసే హక్కిచ్చి అందులో పెట్టు.

నెల్లిమర్ల_నెట్
దొరికింది! టీ అన్నా, జోకులే అనుకున్నాను.

టెక్కలి_టీ
పగలు జోకులు, రాత్రి సర్వర్లు.

పలాస_పిక్క
నాగావళి గారూ, మీ లూప్‌తో తప్పులున్న ఫైళ్లన్నీ ఒకేసారి బయటపడ్డాయి, సరి చేశాను. కానీ నిన్న రాత్రి బాగున్న లాగిన్ పేజీ ఇవాళ పొద్దున మళ్లీ 500. లాగ్‌లో "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". ఫైల్ ఉంది, పర్మిషన్ ఉంది. మా బావ అందులో ఫోన్ నంబర్ మార్చి ఎక్కించాడట, అంతే.

బొబ్బిలి_బైట్
బావ విండోస్‌లో మార్చాడా?

పలాస_పిక్క
అవును.

బొబ్బిలి_బైట్
అదే. విండోస్ ఎడిటర్ ప్రతి వరస చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనబడని అక్షరం చేర్చింది. ఫైల్ మొదటి వరసలో పెర్ల్ ఎక్కడుందో రాసి ఉంటుంది కదా, సర్వర్ ఆ కనబడని అక్షరాన్ని కూడా పేరులో భాగం అనుకుని అలాంటి పెర్ల్ కోసం వెతుకుతోంది. లేదంటున్నది నీ ఫైల్ గురించి కాదు, ఆ పెర్ల్ గురించి. డాస్2యూనిక్స్ అనే కమాండ్ ఆ ఫైల్ మీద నడుపు, పోతుంది.

టెక్కలి_టీ
బావకి సర్వర్ పాస్‌వర్డ్ ఇచ్చిందెవరో గానీ, ముందు అది మార్చు.

లైబ్రరీ_మేడమ్
రాజాం దగ్గర కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మేము వాడే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా కూడా పెర్లేనని ఎవరో చెప్పారు, అందుకని ఇక్కడ అడుగుతున్నాను. పుస్తకం ఇష్యూ చేసే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. పిల్లలు వరసలో నిలబడి ఉంటారు. ర్యామ్ పెంచితే తగ్గుతుందా?

పాత_సర్వర్
@లైబ్రరీ_మేడమ్ కోహా నిఖార్సైన పెర్ల్ మేడమ్. న్యూజీలాండ్‌లో ఒక లైబ్రరీ కోసం 1999లో రాయడం మొదలుపెట్టి 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చారు. పెర్ల్ బతికే ఉందా అని అడిగిన @కోట_జంక్షన్ గారికి కూడా ఇదే జవాబు.

ర్యామ్ తర్వాత. మీ దాంట్లో ప్లాక్ (పెర్ల్ ప్రోగ్రామ్‌ని మెమరీలోనే లేపి ఉంచేది) ఆన్ అయి ఉందో లేదో అడగండి. లేకపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ పెర్ల్ కొత్తగా లేచి, కోహా మాడ్యూళ్లన్నీ మొదటి నుంచి చదివి, కంపైల్ చేసి, ఒక్క పేజీ ఇచ్చి చచ్చిపోతుంది. మీ టైమంతా పోయేది అక్కడే. సర్వర్ చూసుకునే వాళ్లతో కోహా-ప్లాక్ ఎనేబుల్, ఆ తర్వాత కోహా-ప్లాక్ స్టార్ట్ నడిపించమనండి. అంతకుముందు అపాచీలో హెడర్స్, ప్రాక్సీ హెచ్‌టీటీపీ మాడ్యూళ్లు ఆన్ చెయ్యాలి.

లైబ్రరీ_మేడమ్
రాసిపెట్టుకున్నాను. సిస్టమ్ అడ్మిన్ వారానికోసారి వస్తాడు, వచ్చినప్పుడు చెబుతాను.

పలాస_పిక్క
అన్ని పేజీలూ వస్తున్నాయి. కానీ కొత్త తలనొప్పి. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి. ఇప్పుడవన్నీ పిచ్చి గీతలు. ఇంగ్లీషు ఏ మీద ఏటవాలు గీత, దాని పక్కన డిగ్రీ గుర్తులాంటి సున్నా, మళ్లీ ఏ, మళ్లీ సున్నా. పేజీ అంతా అదే. పాత సర్వర్‌లో శుభ్రంగా కనిపించేవి. డేటా పోయినట్టేనా? మావయ్యకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

నాగావళి
డేటా పోలేదు. అంతవరకు హాయిగా నిద్రపో. కానీ ఆ పేజీలు తెరిచి ఏదీ సేవ్ చెయ్యొద్దు, బావని కూడా చెయ్యనివ్వొద్దు.

ఏం జరిగిందో చెబుతాను. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఏదైనా సరే 3 బైట్లు తీసుకుంటుంది. ఆ మూడింటిలో మొదటిది అన్నింటికీ ఒకటే. దాన్ని లాటిన్ అక్షరంగా చదివితే గీత ఉన్న ఏ అవుతుంది. రెండో బైటు ఎక్కువ సార్లు ఆ డిగ్రీ సున్నా అవుతుంది. నువ్వు చూస్తున్నది తెలుగే, చదివేవాడు తప్పుగా చదువుతున్నాడు.

మీ పాత టేబుళ్లు లాటిన్1 (ఇంగ్లీషులాంటి లాటిన్ అక్షరాలకే సరిపోయే పద్ధతి) అని పెట్టి ఉంటాయి, అప్పట్లో మైఎస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ అదే. స్క్రిప్ట్ తెలుగు బైట్లని అందులో పడేసేది, మళ్లీ అవే బైట్లని తీసి బ్రౌజర్‌కి ఇచ్చేది. మధ్యలో ఎవరూ మార్చకపోతే సరిపోయింది. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి కనెక్షన్ మామూలుగా యూటీఎఫ్8ఎంబీ4తో మాట్లాడుతుంది. టేబుల్ లాటిన్1 అంది కదా అని సర్వర్ ప్రతి బైటునీ ఒక లాటిన్ అక్షరం అనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చి పంపుతోంది.

ఈ పూటకి: కామన్ ఫైల్‌లో డేటాబేస్‌కి కనెక్ట్ అయిన వెంటనే సెట్ నేమ్స్ లాటిన్1 అనే క్వెరీ ఒకటి పెట్టు. తెలుగు తిరిగొస్తుంది.

అసలు మందు: ముందు మైఎస్‌క్యూఎల్ డంప్‌తో బ్యాకప్, క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి తియ్యాలి. తర్వాత ఒక్కో కాలమ్‌ని ముందు వార్‌బైనరీకి మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్‌కి మార్చాలి. నేరుగా మార్చావంటే ఈ పిచ్చి గీతలే డేటాబేస్‌లో ఖాయమైపోతాయి. ఇది కాపీ డేటాబేస్ మీద చేసి చూసుకున్నాకే అసలుదాని మీద చెయ్యి.

పలాస_పిక్క
సెట్ నేమ్స్ పెట్టాను, తెలుగు వచ్చేసింది!! మీకు ఎంత చెప్పినా తక్కువే నాగావళి గారూ. ఒక్కటి మాత్రం: వజ్రపుకొత్తూరు అన్న చోటల్లా చివర్లో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తోంది. ఇది పాత సర్వర్‌లో కూడా ఉండేదని మావయ్య అంటున్నాడు. ఎవరూ పట్టించుకోలేదట.

నాగావళి
ఊరి పేరు కాలమ్ వార్‌చార్ 40 అయి ఉంటుంది, చూడు.

పలాస_పిక్క
40యే. ఎలా చెప్పారు?

నాగావళి
వజ్రపుకొత్తూరులో గుర్తులన్నీ విడదీసి లెక్కపెడితే 14. ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 42. లాటిన్1 కాలమ్‌లో 40 అంటే 40 బైట్లు. 13 గుర్తులకి 39 పోయాయి, మిగిలిన ఒక్క బైటులో 14వ గుర్తు తల మాత్రం పట్టింది. ఆ తలే నీ డైమండ్. ర కి కొమ్ము ఎగిరిపోయి వజ్రపుకొత్తూర అని ఉంటుంది. శ్రీకాకుళం 30 బైట్లే, నరసన్నపేట 27, అందుకే వాటికి ఏ బాధా లేదు.

ఆ అసలు మందు వేసేటప్పుడు ఈ వరసల దగ్గర ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ అని ఆగిపోతుంది. అలాంటివి ముందే వెతికి చేత్తో సరిచేసుకో. మారాక వార్‌చార్ 40 అంటే 40 అక్షరాలు అవుతుంది, మళ్లీ ఈ బాధ ఉండదు.

టెక్కలి_టీ
మా చుట్టాల రేషన్ కార్డులో ఊరి పేరు సగమే ఉంటాది. ఇన్నాళ్లూ టైపు కొట్టినోడ్ని తిట్టుకున్నాం.

కోట_జంక్షన్
పదిహేను పోస్టుల నుంచి చూస్తున్నాను. ఇంత అవస్థ పడే బదులు పీహెచ్‌పీలో ఎప్పుడో అయిపోయేది.

నాగావళి
@కోట_జంక్షన్ లాటిన్1 టేబుల్‌కి పీహెచ్‌పీ అయితే భయపడి తెలుగు చూపిస్తుందా? ఇది డేటాబేస్ గొడవ, ఏ భాషలో రాసినా ఇదే.

పలాస_పిక్క
ఇప్పుడు నిజంగా అన్నీ పనిచేస్తున్నాయి, మావయ్య చీటీలు మానేశాడు. లాగ్‌లో మాత్రం "సీజీఐ పారమ్ కాల్డ్ ఇన్ లిస్ట్ కాంటెక్స్ట్" అని కుప్పలు కుప్పలు పడుతోంది. పట్టించుకోవాలా? ఇంకోటి, స్టాకు పేజీ నెమ్మది. నలుగురు ఒకేసారి తెరిస్తే మరీను. ఎలాగూ కదిపాం కాబట్టి సీజన్ తర్వాత ఏదైనా మంచిదానికి మారిస్తే ఏది మేలు?

బొబ్బిలి_బైట్
పట్టించుకో. అది సెక్యూరిటీ హెచ్చరిక, 2014లో వచ్చింది. ఫారంలో ఒకే పేరుతో రెండు మూడు విలువలు పంపితే పారమ్ మొత్తం జాబితా తిరిగిస్తుంది. దాన్ని నేరుగా హ్యాష్‌లో (పేరు, విలువ జతల పట్టిక) పెడితే పంపినవాడు నీ హ్యాష్‌లో తనకిష్టమైన కీ దూర్చగలడు. పారమ్ ముందు స్కేలర్ అని పెడితే సరి.

మారడానికైతే కళ్లు మూసుకుని మోజోలిషియస్ అనే పెర్ల్ వెబ్ ఫ్రేమ్‌వర్క్. బయటి మాడ్యూళ్లు ఏవీ అడగదు, ఒక్క ప్యాకేజీతో టెంప్లేట్లు, రౌటింగ్, వెబ్‌సాకెట్ అన్నీ వస్తాయి. యూటీఎఫ్-8 తనే చూసుకుంటుంది. దాంతోపాటు వచ్చే హిప్నోటోడ్ సర్వర్ కొత్త కోడ్‌ని ఒక్క రిక్వెస్ట్ కూడా పోకుండా ఎక్కిస్తుంది. చిన్న యాప్ అయితే మోజోలిషియస్ లైట్‌లో ఒకే ఫైల్‌లో రాసెయ్యొచ్చు.

చంపావతి_72
ఉన్న కోడ్ మళ్లీ రాయకుండా వేగం కావాలంటే మోడ్ పెర్ల్. రిజిస్ట్రీ అని ఉంటుంది, సీజీఐ స్క్రిప్ట్‌ని దాదాపు అలాగే నడిపిస్తుంది. అపాచీ లోపలే పెర్ల్ కూర్చుంటుంది, ప్రతిసారీ లేవక్కర్లేదు. నేను సంవత్సరాలు నడిపాను.

పాత_సర్వర్
@చంపావతి_72 నేనూ నడిపాను. ఇప్పుడు కొత్తవాడికి మాత్రం చెప్పను. అపాచీ ప్రాసెస్ ఒక్కొక్కటీ పెర్ల్‌ని మోసుకుని తిరుగుతుంది, ఒక బొమ్మ ఫైల్ ఇవ్వడానికి కూడా ఆ బరువే. పెర్ల్ కోడ్ చెడితే అపాచీ మొత్తం రీస్టార్ట్. దానికంటే పీఎస్‌జీఐ దారి శుభ్రం. మియగావా అనే జపాన్ ఆయన 2009లో పెట్టింది. యాప్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక ఒప్పందం, అంతే. ఈ పక్క మోజోలిషియస్, డ్యాన్సర్2, క్యాటలిస్ట్ ఏదైనా ఉండొచ్చు, ఆ పక్క స్టార్‌మ్యాన్ ఉండొచ్చు, యూవిస్గీ ఉండొచ్చు. ముందు ఎంజినెక్స్‌ గానీ అపాచీ గానీ ప్రాక్సీగా నిలబడుతుంది.

పిక్క బాబూ, నీకు ఇంకా మేలు ఏమిటంటే, పాత సీజీఐ స్క్రిప్టుల్ని మార్చకుండా ప్లాక్ (పీఎస్‌జీఐకి పనిముట్ల పెట్టె) కింద నడిపించే మాడ్యూల్ ఉంది. ప్లాక్ యాప్ సీజీఐబిన్ అని. ఫోల్డర్ చూపిస్తే అందులోని స్క్రిప్టులు ఒకసారి కంపైల్ అయి మెమరీలో ఉంటాయి.

చంపావతి_72
మెమరీలో ఉండడం అంటేనే అసలు చిక్కు మొదలు. అది చెప్పకుండా వదిలారు.

పాత_సర్వర్
చెప్పబోతున్నాను, తొందరపడ్డారు. సీజీఐలో స్క్రిప్ట్ ప్రతిసారీ చచ్చిపోతుంది కాబట్టి ఎంత చెత్తగా రాసినా ఆ చెత్త దాంతోనే పోతుంది. ప్రాసెస్ బతికే ఉంటే వేరియబుళ్లు కూడా బతికే ఉంటాయి. నేను చూసిన ఒక ఆఫీసులో పాత స్క్రిప్టుల్ని ఇలాగే పైకెక్కించారు. టెస్టులో బాగానే ఉంది, ఎందుకంటే టెస్ట్ చేసింది ఒక్కడే. మర్నాడు కౌంటర్లు తెరిచాక ఒక ఖాతాదారు రసీదు మీద అంతకుముందు వచ్చినావిడ పేరు వచ్చింది. అదీ అన్నిసార్లూ కాదు. రీఫ్రెష్ చేస్తే బాగుంటుంది, ఇంకోసారి చేస్తే మళ్లీ ఆవిడే. వర్కర్లు (పేజీలిచ్చే ప్రాసెస్‌లు) అయిదుంటే ఏ రిక్వెస్ట్ ఏ వర్కర్‌కి పడుతుందో దాన్నిబట్టి.

కారణం, ఫైల్ పైభాగంలో మై అని ప్రకటించిన వేరియబుల్‌ని సబ్‌రొటీన్ లోపల వాడారు. ప్లాక్ ఆ ఫైల్ మొత్తాన్ని ఒక సబ్‌రొటీన్‌లో చుడుతుంది. అప్పుడు లోపలి సబ్‌రొటీన్ మొదటిసారి వచ్చిన విలువనే పట్టుకుని కూర్చుంటుంది. పెర్ల్ దీన్ని ముందే చెబుతుంది, "వేరియబుల్ విల్ నాట్ స్టే షేర్డ్" అని. ఆ లాగ్ ఎవరూ చూడలేదు. కాబట్టి అసలు వాడకంలో ప్లాక్ మీదకి ఎక్కించేముందు ప్రతి ఫైల్‌లో యూజ్ స్ట్రిక్ట్, యూజ్ వార్నింగ్స్ పెట్టి, టెస్టులో ప్లాక్ కింద నడిపి ఆ వాక్యం ఎక్కడెక్కడ వస్తుందో చూడాలి. వచ్చిన చోట విలువని ఆర్గ్యుమెంట్‌గా పంపాలి.

నాగావళి
దానికి తోడు డేటాబేస్ కనెక్షన్. రాత్రి ఫ్యాక్టరీ మూసేస్తారు, పొద్దున మొదటి పేజీకి "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" వస్తుంది, రెండోసారికి బాగుంటుంది. వాడని కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ 28800 సెకన్లకి, అంటే 8 గంటలకి తెంపేస్తుంది, ప్రాసెస్‌కి ఆ సంగతి తెలియదు. ఆ గడువు పెంచుకుంటూ పోకు. డీబీఐఎక్స్ కనెక్టర్ వాడు, తెగితే తనే మళ్లీ కలుపుకుంటుంది. స్టార్‌మ్యాన్ వర్కర్లు పుట్టకముందే కనెక్షన్ తెరిచి అందరికీ పంచడం కూడా వద్దు, ఒకరి జవాబు ఇంకొకరు చదువుతారు.

కోట_జంక్షన్
ఇదంతా సరే. ఒక్క ప్రశ్న. ఈ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు తప్ప విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెర్ల్ చూసే మనిషిని నాకు చూపించండి. రేపు ఈ కుర్రాడు ఉద్యోగానికి వైజాగో హైదరాబాదో పోతాడు. అప్పుడు మావయ్య ఎవర్ని పిలుస్తాడు? పీహెచ్‌పీ కుర్రాళ్లు ఇంజనీరింగ్ కాలేజీకి పదిమంది దొరుకుతారు.

బొబ్బిలి_బైట్
@కోట_జంక్షన్ ఇందాకటి నుంచి మీరు అన్నవాటిలో ఇదొక్కటి నిజం.

పాత_సర్వర్
నిజమే, కాదనను. కానీ రాయించడం అంటే మొదట ఉన్నది ఏం చేస్తోందో ఎవరో చదవాలి. 80 కేజీల బస్తాకి తేమ ఎంత తియ్యాలి, ఏ రైతుకి అడ్వాన్సు ఎలా సర్దాలి, ఇవన్నీ ఆ పెర్ల్ ఫైళ్లలోనే ఉన్నాయి, ఇంకెక్కడా రాసి లేవు. పీహెచ్‌పీ కుర్రాడికీ ఆ కోడ్ చదవక తప్పదు.

పలాస_పిక్క
మావయ్యతో మాట్లాడాను. ఈ సీజన్‌కి ఇలాగే సీజీఐ మీద నడుపుతాం. తర్వాత స్టాకు పేజీ ఒక్కటి మోజోలిషియస్ లైట్‌లో నేనే రాస్తాను, మిగతావి ఉన్నవి ఉన్నట్టే. అలా పక్కపక్కన రెండూ నడవొచ్చా?

బొబ్బిలి_బైట్
హాయిగా నడవొచ్చు. అపాచీలో స్టాకు అన్న దారి ఒక్కటి ప్రాక్సీపాస్‌తో హిప్నోటోడ్‌కి పంపు, దాని మామూలు పోర్టు 8080. మిగతావన్నీ సీజీఐకే వెళ్తాయి. హిప్నోటోడ్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ 1 అని పెట్టడం మర్చిపోకు, లేకపోతే అందరూ ఒకే ఐపీ నుంచి వచ్చినట్టు లాగ్‌లో పడుతుంది. లాగిన్ సెషన్ మాత్రం పాతదీ కొత్తదీ ఒకే చోట చదివేలా చూసుకోవాలి, అది కొంచెం పని. పాత సెషన్ ఎక్కడ దాస్తుందో చూసి చెప్పు, ఫైల్‌లోనా టేబుల్‌లోనా?

పలాస_పిక్క
టేబుల్‌లో. కుకీలో నంబర్ ఉంది, టేబుల్‌లో యూజర్ పేరు, టైమ్ ఉన్నాయి.

బొబ్బిలి_బైట్
అయితే తేలిక. మోజోలిషియస్‌లో అండర్ అని ఒకటుంది, అన్ని పేజీలకంటే ముందు నడుస్తుంది. అందులో ఆ కుకీ చదివి, అదే టేబుల్‌లో చూసి, లేకపోతే పాత లాగిన్ పేజీకి పంపెయ్.

లైబ్రరీ_మేడమ్
అడ్మిన్ వచ్చి ప్లాక్ ఆన్ చేశాడు. ఇష్యూ పేజీ ఇప్పుడు వెంటనే వస్తోంది. సర్వర్‌లో ర్యామ్ తక్కువ కాబట్టి వర్కర్లు 2 చాలన్నాడు, సరేనా? ఇంకో సందేహం. తెలుగు పుస్తకాలు పేరుతో వెతికితే కొన్ని దొరకవు, యాక్సెషన్ నంబరుతో అయితే దొరుకుతాయి.

పాత_సర్వర్
2 చాలు మేడమ్, కాలేజీకి అది ఎక్కువే. వెతకడం మాత్రం పెర్ల్ పని కాదు, జీబ్రా అనే ఇండెక్సర్ పని. మామూలుగా అది లాటిన్ అక్షరాలకి తగ్గట్టు మాటల్ని విడగొడుతుంది. తెలుగుకి ఐసీయూ అనే, అన్ని లిపులూ తెలిసిన పద్ధతికి మార్చాలి. డిఫాల్ట్ ఐడీఎక్స్ అనే ఫైల్‌లో క్యార్‌మ్యాప్ అన్న వరసల బదులు ఐసీయూచైన్ పెట్టి, కోహా-రీబిల్డ్-జీబ్రాతో ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టించాలి. పుస్తకాలు ఎక్కువుంటే టైం పడుతుంది, అది నడుస్తున్నంతసేపు కౌంటర్‌లో వెతికితే సగమే కనబడతాయి. లైబ్రరీ మూసేశాక పెట్టించండి.

లైబ్రరీ_మేడమ్
శనివారం సాయంత్రం పెట్టిస్తాను.